కారు ఇల్లా, వీధా?

సూర్యాపేట,
నవంబరు 14

బావా,

నీ ఉత్తరం అందింది. ఈ రోజుల్లో కాగితం మీద రాసి, స్టాంపు అంటించి పంపేవాడివి నువ్వొక్కడివే మిగిలావు. మొదటి పేజీ అంతా మోకాళ్ళ నొప్పులు, రెండో పేజీ సంక్రాంతి ప్రయాణం. మోకాళ్ళ సంగతి డాలస్ డాక్టర్లు చూసుకుంటారు. ప్రయాణం విషయంలో మాత్రం వకీలుని ఊరికే ఉండనివ్వని ప్రశ్న ఒకటి వేశావు.

"ట్రావెల్స్ వాళ్ళ దగ్గర ఇన్నోవా మాట్లాడు. సాగర్ మీదుగా మాచర్ల, దోర్నాల దాటి శ్రీశైలం పోదాం. దారి పొడుగునా వెనక కూర్చుని మెల్లగా ఒక సిట్టింగ్ వేద్దాం. డ్రైవరు ముట్టకపోతే చట్టానికి మనతో పనేముంది? ఇక్కడ టెక్సాస్‌లో అయితే మూత తీసిన సీసా కనపడితే చాలు, కేసే" అని రాశావు. నువ్వన్నది మన దగ్గరి సంగతిలో సగం నిజం, మీ టెక్సాస్ సంగతిలో కూడా సగమే నిజం. ఆ రెండు సగాలూ ఎక్కడెక్కడ తెగిపోతాయో చెప్తాను.

మన మోటారు వాహనాల చట్టం, 1988. అందులో 185వ సెక్షను. అది పట్టుకునేది బండి నడుపుతున్నవాణ్ణి, లేదా నడపబోతున్నవాణ్ణి. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉన్నట్టు బ్రీత్ అనలైజర్‌లో తేలితే నేరం. 2019 సెప్టెంబరు 1 దాకా మొదటిసారి దొరికితే జరిమానా 2,000 రూపాయలు మించేది కాదు, సవరణ వచ్చాక 10,000 అయింది. ఆర్నెల్ల దాకా జైలు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. హైదరాబాదులో శనివారం రాత్రి "ఊదండి సార్" అంటూ పైపు నోటి ముందు పెట్టేది ఈ సెక్షను కిందే. ఇందులో వెనక సీటు ఊసు లేదు. గ్లాసు లేదు, సీసా లేదు, మూత లేదు. చూసేదంతా స్టీరింగు పట్టుకున్నవాడి రక్తమే. అంతవరకూ నువ్వన్నది నిజం.

ఇలా ఎందుకుందంటే, మన రాజ్యాంగంలో మద్యం ఒక గదిలో, మోటారు బండి ఇంకో గదిలో ఉన్నాయి. ఏడో షెడ్యూలులో రాష్ట్రాల జాబితా 8వ పద్దు మద్యం. తయారీ, రవాణా, అమ్మకం అన్నీ రాష్ట్రాల చేతిలోనే. ఉమ్మడి జాబితా 35వ పద్దు మోటారు వాహనాలు, కేంద్రం చట్టం చేసిన విషయం. బండిలో కూర్చుని తాగడమనేది ఈ రెండు గదుల మధ్య గడప మీద పడింది. ఎక్సైజ్ చట్టాలు రాసినవాళ్ళకు దుకాణం, సారా, పన్ను కనపడ్డాయి. మోటారు చట్టం రాసినవాళ్ళకు డ్రైవరు కనపడ్డాడు. గడప మీద గ్లాసు పట్టుకుని కూర్చున్న నీలాంటి వాడు ఇద్దరికీ కనపడలేదు.

కనపడలేదు కదా అని సంబరపడకు. పోలీసు చేతిలో వేరే కాగితాలున్నాయి. తాగి బహిరంగ స్థలంలో నలుగురికీ చిరాకు పుట్టించేలా ప్రవర్తిస్తే పాత ఐపీసీ 510 కింద 24 గంటల సాధారణ జైలు, లేదా పది రూపాయల జరిమానా ఉండేవి. 1860లో రాసిన ఆ పది రూపాయలు 2024 జూన్ ఆఖరు దాకా అలాగే ఉన్నాయి, నమ్ముతావా! జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో అది 355వ సెక్షను అయింది. జరిమానా వెయ్యి దాకా పెరిగింది, దానికి తోడు సమాజ సేవ చేయించే వీలు పెట్టారు. ఇవి కాక ఎక్సైజ్ చట్టాలు, నగర పోలీసు చట్టాలు, పెట్టీ కేసులు. వైన్స్ ముందు కారు ఆపుకుని, డ్యాష్‌బోర్డు మీద పల్లీలు పోసుకుని, ఏసీ వేసుకుని కూర్చునే వాళ్ళ మీద రాసేవి ఇవే. అవతల ఆంధ్రాలో అయితే ఈమధ్య ఊరి చివర తోటల్లో, చెరువు గట్ల మీద తాగేవాళ్ళను డ్రోన్లు ఎగరేసి మరీ పట్టుకుంటున్నారు.

వీటన్నిటికీ ఒక షరతుంది, "బహిరంగ స్థలం". కారు బహిరంగ స్థలమా? నాది, నా డబ్బుతో కొన్నది, తాళం నా జేబులో ఉంది, అద్దాలు ఎత్తేశాను. అది నా ఇంటికి పొడిగింపా, రోడ్డుకి పొడిగింపా? మన కోర్టులు దీనికి చెప్పిన జవాబులు వింటే నీకు మత్తు లేకుండానే తల తిరుగుతుంది.

2016 ఏప్రిల్‌లో బిహార్‌లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. ఆ జూన్‌లో జార్ఖండ్‌లోని గిరిడీ నుంచి కొందరు రోటరీ క్లబ్బు మీటింగుకని కారులో పట్నా బయల్దేరారు. నవాదా జిల్లా రజౌలీ చెక్‌పోస్టు దగ్గర ఆపి ఊదించారు. ఆల్కహాలు తేలింది. కారులో చుక్క మందు దొరకలేదు, సీసా లేదు, గ్లాసు లేదు. అయినా అరెస్టు చేశారు. వాళ్ళు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. మేము బిహార్ గడ్డ మీద తాగలేదు, పైగా ఇది మా సొంత కారు, బహిరంగ స్థలం ఎలా అవుతుంది అన్నారు. 2019 జులై 1న జస్టిస్ అశోక్ భూషణ్, జస్టిస్ కె.ఎం. జోసెఫ్ ఆ అప్పీలు కొట్టేశారు. బిహార్ చట్టం బహిరంగ స్థలాన్ని చాలా వెడల్పుగా నిర్వచించింది. హక్కుగా కాకపోయినా ప్రజలకు ప్రవేశం ఉన్న ఏ చోటైనా దాని కిందికి వస్తుంది. తలుపు తీసుకుని ఎక్కే హక్కు జనానికి లేకపోవచ్చు గానీ, రోడ్డు మీదున్న సొంత కారు దగ్గరకు వచ్చే అవకాశం జనానికి ఉంటుంది కదా, కనుక అది బహిరంగ స్థలమే అని కోర్టు తేల్చింది.

నాకు ఈ తర్కం మింగుడుపడదు. దగ్గరకు వచ్చే అవకాశమే కొలబద్ద అయితే మా ఇంటి గుమ్మం దాకా పాలవాడూ వస్తాడు, ఓట్ల కోసం అభ్యర్థీ వస్తాడు. అయితే ఆ తీర్పు బిహార్ చట్టంలోని నిర్వచనం మీద నిలబడ్డదని మర్చిపోకూడదు. దేశంలో ప్రతి కారూ ప్రతి పనికీ వీధే అని అది చెప్పలేదు. చెప్పినట్టే వాడుకున్నారు, అది వేరే కథ. మన దగ్గర 1995 జనవరిలో ఎన్టీఆర్ నిషేధం పెట్టినప్పుడు యానాం వెళ్ళి గొంతు తడుపుకుని వచ్చిన గోదావరి జిల్లాల వాళ్ళ కబుర్లు మనం ఎన్ని వినలేదు! అప్పుడు రజౌలీ లాంటి చెక్‌పోస్టులు, చేతిలో ఇమిడే ఈ యంత్రాలు ఉండి ఉంటే ఎన్ని పెళ్ళిబృందాలు ఠాణాల్లో తెల్లవార్చేవో.

ఇప్పుడు 2021 ఏప్రిల్‌కి రా. 7వ తారీఖున ఢిల్లీ హైకోర్టు, కారులో ఒక్కడే కూర్చుని నడుపుతున్నా మాస్కు పెట్టుకోవలసిందే, కారు బహిరంగ స్థలమే అంది. తొమ్మిది రోజుల తర్వాత, 16న, సుప్రీంకోర్టు హర్యానా కేసులో ఇంకోలా చెప్పింది. రోడ్డు పక్క ఆపి ఉన్న సొంత జీపులో గసగసాల పొట్టు బస్తాలు దొరికాయి. మాదకద్రవ్యాల చట్టంలో బహిరంగ స్థలంలో సోదాకి ఒక పద్ధతి, ప్రైవేటు చోట సోదాకి కఠినమైన ఇంకో పద్ధతి ఉన్నాయి. ఆ చట్టంలో బహిరంగ స్థలమంటే ప్రజారవాణా వాహనం, హోటలు, దుకాణం వగైరా. రిజిస్ట్రేషను కాగితం చూస్తే జీపు సొంతానిది, కనుక బహిరంగ స్థలం కాదు, కఠిన పద్ధతి పాటించలేదు, కనుక ముద్దాయిలు విడుదల. ఈ ధర్మాసనంలో జస్టిస్ లలిత్‌తో పాటు కూర్చున్నది ఎవరనుకున్నావు? బిహార్ కేసు విన్న జస్టిస్ జోసెఫే. ఇందులో ఆయన తప్పేమీ లేదు, రెండు చట్టాలు రెండు నిర్వచనాలు రాశాయి, ఆయన దేన్ని దానిలా చదివారు. కానీ రోడ్డు మీద బండి ఆపే హెడ్ కానిస్టేబుల్ ఏ నిర్వచనం చదువుకుని వస్తాడు చెప్పు?

ఇక మీ దేశం. అక్కడ మీవాళ్ళు ఈ ఇల్లా-వీధా తగువులో తల దూర్చలేదు. మనిషిని వదిలేసి సీసాను పట్టుకున్నారు. ఆ తెలివి నాకు నచ్చింది. తాగాడా లేదా, ఎంత తాగాడు, మత్తులో ఉన్నాడా అన్న గొడవ లేకుండా, ప్రయాణికులు కూర్చునే భాగంలో మూత తీసిన సీసా ఉందా, అంతే. 1998లో అమెరికా కాంగ్రెస్ ఒక మెలిక పెట్టింది. ఇలాంటి చట్టం చేయమని రాష్ట్రాలను నేరుగా ఆజ్ఞాపించలేదు. చేయకపోతే మీ హైవే నిర్మాణం నిధుల్లోంచి కొంత శాతాన్ని రోడ్డు భద్రత ఖాతాలోకి మళ్ళిస్తాం అంది. మొదట ఒకటిన్నర శాతం, తర్వాత మూడు, 2012 చట్టం దగ్గర్నుంచి రెండున్నర. తాగే వయసు 21కి పెంచమన్నప్పుడు కూడా నిధుల కొరడానే చూపించారు, 1987లో వాళ్ళ సుప్రీంకోర్టు అది చెల్లుతుందంది. మీ టెక్సాస్ 2001 సెప్టెంబరులో దారికొచ్చింది. అంతకుముందు నడిపేవాడు తాగుతూ పోలీసు కంట పడితేనే తప్పు, పక్కవాడు దర్జాగా తాగొచ్చు. ఇప్పుడు బండి కదులుతున్నా, ఆగి ఉన్నా, రోడ్డు వార పార్కు చేసి ఉన్నా, సీసా చేతికందే చోట ఉంటే 500 డాలర్ల దాకా జరిమానా. తాళం వేసిన గ్లవ్ బాక్సులోనో డిక్కీలోనో ఉంటే పర్వాలేదు, డిక్కీ లేని బండి అయితే చివరి సీటు వెనక. ఇంకో ముచ్చట, ఒకే సందర్భంలో ఎన్ని సీసాలు దొరికినా ఒకే నేరంగా లెక్క. పది సీసాలవాడికి ఆ ఒక్క చోట న్యాయం దొరికినట్టే.

డబ్బుకి లొంగని రాష్ట్రాలూ ఉన్నాయి. మిస్సిసిపీలో ఈనాటికీ రాష్ట్రం మొత్తానికి వర్తించే సీసా చట్టం లేదు. ఊళ్ళు సొంతంగా పెట్టుకుంటే తప్ప, రక్తంలో 0.08 శాతం దాటనంతవరకు నడిపేవాడు సైతం ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో బీరు పట్టుకోవచ్చు. ఇక లూసియానా వాళ్ళ సొగసు చూడు. కారు దిగకుండానే కిటికీలోంచి డైకిరీ అనే గడ్డకట్టిన కాక్‌టెయిలు అమ్ముతారు. మూత తీయనంతవరకు, అందులో స్ట్రా గుచ్చనంతవరకు, కొంచెమైనా తాగనంతవరకు అది మూత తీసిన సీసా కింద లెక్కకు రాదు. స్ట్రా గుచ్చిన క్షణాన నేరం పుడుతుంది!

నీ సగం నిజం తెగేది ఇప్పుడే. టెక్సాస్ చట్టంలో మినహాయింపులున్నాయి. బస్సు, టాక్సీ, లిమోజిన్ లాంటి కిరాయి బండ్లలో వెనక కూర్చున్న ప్రయాణికులకు ఆ నేరం వర్తించదు. అంటే నువ్వు నాకు రాసిన పథకం, కిరాయి బండి, తాగని డ్రైవరు, వెనక మనం, చట్టం దృష్టిలో డాలస్‌లోనే నిక్షేపంగా నడుస్తుంది! నీ సొంత బండిలో అయితే అక్కడ దొరికిపోతావు. మన దగ్గర లెక్క తలకిందులు. సొంత బండి అయితే జీపు కేసు చెప్పుకుని కాసేపు వాదించవచ్చు. పసుపు నంబరు ప్లేటున్న ట్రావెల్స్ ఇన్నోవా మామూలుగానే ప్రజారవాణా, ఏ నిర్వచనం తీసుకున్నా బహిరంగ స్థలానికి దగ్గరగా జరుగుతుంది. వాళ్ళు కిరాయి బండికి సడలింపు ఇవ్వడానికి కారణం నాకు తోచినంతవరకు ఒకటే. తాగినవాణ్ణి స్టీరింగు దగ్గర్నుంచి లేపి వెనక కూర్చోబెట్టడమే చట్టానికి కావాలి, వెనక కూర్చున్నాక వాణ్ణి వేధించి లాభమేముంది?

మనవాళ్ళకూ రోడ్డు ప్రమాదాల మీద దిగులు లేకపోలేదు. 2016 డిసెంబరు 15న సుప్రీంకోర్టు జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం దుకాణం ఉండకూడదంది. ఆ ముగ్గురు జడ్జీల ధర్మాసనంలో మన లావు నాగేశ్వరరావు గారూ ఉన్నారు. తర్వాత చిన్న ఊళ్ళకు 220 మీటర్లు చేశారు, మునిసిపాలిటీలకు సడలించారు. కొన్ని రాష్ట్రాలు ఏకంగా రహదారుల పేర్లే మార్చి ఇది హైవే కాదన్నాయి. కేరళలో ఒక బారు యజమాని వాకిట్లో మెలికల దారి కట్టి, నడిచి లెక్కపెడితే 500 మీటర్లు దాటేలా చేశాడు. ఇంతా చేసి, అర కిలోమీటరు లోపలికి పోయి కొన్న సీసా ఎక్కడ తాగుతారు అన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాలేదు. కారులోనే తాగుతారు. కొట్టు దూరం జరిగింది, సీసా ముందు సీటుకి వచ్చింది. నన్నడిగితే ఆ 500 మీటర్ల హడావిడి కంటే మోటారు చట్టంలో మూత తీసిన సీసా గురించి రెండు వాక్యాలు చేర్చి ఉంటే ఎక్కువ పని జరిగేది. బిహార్ లాగా మనిషి ఊపిరి మీద పడకుండా, సీసా ఉందా, చేతికందే చోట ఉందా అని చూస్తే చాలు. ఇంట్లో తాగి డ్రైవరు పక్కన బుద్ధిగా కూర్చున్నవాడి జోలికి పోనక్కర్లేదు.

చట్టం మాట అయింది. నేను అసలు చెప్పదలుచుకున్నది డ్రైవరు గురించి.

నీ ఉత్తరంలో అతను ఒకే ఒక్క మాటలో ఉన్నాడు, "ముట్టకపోతే" అని. మా కోర్టుకి వచ్చే ట్రావెల్స్ కుర్రాళ్ళను నేను చూస్తుంటాను. వెనక నలుగురు పెద్దమనుషులు గ్లాసులు నింపుకుంటే అతను అడకత్తెరలో పోకచెక్కే. వద్దంటే ఓనరుకి ఫోను, "మీవాడు మర్యాద తెలియనివాడు" అని. ఊరుకుంటే బండి నిండా వాసన, చెక్‌పోస్టులో మొదట ఊదించేది అతన్నే. ఊదితే సున్నా వస్తుంది, నిజమే. అప్పటిదాకా కిందికి దిగి, లైసెన్సు చేత్తో పట్టుకుని, అనుమానం చూపులు మోసేది అతను. రెండు పెగ్గుల తర్వాత మనవాళ్ళకు ప్రేమ పొంగుతుంది, "నువ్వూ ఒకటి వెయ్యరా తమ్ముడూ, ఏం కాదు" అంటారు. అప్పుడు చట్టం నిజంగానే వెనక సీటుకి వస్తుంది. మోటారు చట్టంలో 188వ సెక్షను చదువు, తాగి నడిపే నేరానికి ప్రోత్సహించినవాడికి కూడా అదే శిక్ష. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు సంగతీ ఉంది. ఢిల్లీలో 2007 డిసెంబరులో తగలబడిపోయిన ఒక పోర్షే కారు కేసులో, పైన చెప్పిన 2021 ఏప్రిల్ నెలలోనే, 12న, సుప్రీంకోర్టు బీమా కంపెనీ పక్షాన తీర్పిచ్చింది. ఊదించే పరీక్ష చేయకపోయినా, డ్రైవరు తాగి నడిపాడని మిగతా సాక్ష్యాలతో రుజువైతే బండికి పరిహారం రాదంది. ఆ నష్టం ఓనరు ఎవరి జీతంలోంచి రాబట్టుకుంటాడో నీకు వేరే చెప్పాలా?

కనుక ఇలా అనుకున్నాను. నువ్వు డ్యూటీ ఫ్రీలో తెచ్చే రెండు లీటర్లూ సీలు ఊడకుండా, బిల్లుతో సహా డిక్కీలో ఉంటాయి. తెలంగాణలో కొన్నది ఒక్క సీసా కూడా డ్యాము దాటి మాచర్ల వైపు తీసుకుపోవద్దు, ఎక్సైజ్ వాళ్ళ పేచీలు నా నల్లకోటుకి కూడా లొంగవు. మొదటి రాత్రి సాగర్‌లో గదులు తీసుకుందాం, మనకు రెండు, డ్రైవరుకి ఒకటి. అతన్ని బండిలో పడుకోమంటే నేను రాను. సిట్టింగ్ ఏదైనా ఆ రాత్రే, గదిలోనే. శ్రీశైలంలో మద్యం పేరెత్తకూడదు. తిరుగు ప్రయాణం అడవి దారిలో కాబట్టి దోమలపెంట చెక్‌పోస్టు రాత్రి 9 లోపు దాటాలి, ఆ తర్వాత తెల్లవారి 6 దాకా వదలరు. నీ పాత అలవాటు ప్రకారం దర్శనం దగ్గర ఆలస్యం చేశావంటే దోమలపెంటలో పడుకోవాల్సి వస్తుంది.

ఇన్నోవాకి కిలోమీటరు లెక్కన కిరాయి, డ్రైవరు బత్తా విడిగా అంటున్నారు. బత్తా వాళ్ళు చెప్పినదానికి రెట్టింపు ఇద్దాం, అది నీ ఖాతాలో రాస్తున్నాను. విమానం దిగే తారీఖు తొందరగా రాయి, సంక్రాంతి వారంలో బండ్లు దొరకవు. చెల్లెమ్మను అడిగానని చెప్పు.

నీ
బావ